చిన్నోడికి ఆ సినిమా చూపించొచ్చా?

2025 ఏప్రిల్ చివరి వారంలో ఒక రాత్రి జలదంకి నుంచి మా అక్క ఫోన్ చేసింది. ఎండల గురించీ, అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడాక అసలు విషయానికి వచ్చింది.

"చిన్నోడు 'ఇంటర్‌స్టెల్లార్' చూస్తానని ఒకటే గొడవ. వాళ్ళ పెదనాయన కొడుకు హైదరాబాదులో పెద్ద తెర మీద చూసొచ్చి వీడికి ఎక్కించాడు. చూపించొచ్చంటావా? నువ్వు కథల మీద డాక్టరేటు చేశావు గదా, చెప్పు."

నవ్వొచ్చింది. నేను పరిశోధన చేసింది తెలుగు కథానికలో తల్లీకూతుళ్ళ సంబంధాల మీద. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒక సినిమా చూడొచ్చా లేదా అన్నదానికి నా సిద్ధాంత గ్రంథంలో ఎక్కడా జవాబు లేదు. పైగా ఆ సినిమా నేనూ చూశాను. 2014లో వచ్చిన క్రిస్టఫర్ నోలన్ సినిమా 2025 ఫిబ్రవరిలో మన దేశంలో మళ్ళీ విడుదలైనప్పుడు స్నేహితురాళ్ళతో వెళ్ళి, బాగా ఏడ్చి, బాగుందనుకుంటూ బయటికొచ్చాను. ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా చిన్నోడు గుర్తు రాలేదు. అక్క అడిగాక మాత్రం తల్లడిల్లిపోయాను. ఎందుకంటే అది ఇంటి నుంచి వెళ్ళిపోయిన ఒక నాన్న కథ.

జలదంకి కావలికి దగ్గర. అక్కణ్ణించి కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు పోయేకొద్దీ వానని నమ్ముకున్న మెట్ట పొలాలు. ఈ ఊళ్ళ నుంచి మగవాళ్ళు మద్రాసు అనీ, బెంగుళూరు అనీ, గల్ఫ్ అనీ వెళ్ళడం కొత్తేమీ కాదు. మా బావ కువైట్ వెళ్ళేనాటికి చిన్నోడికి నాలుగేళ్ళు. తర్వాత రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. 2025 జనవరిలో, సంక్రాంతి అయ్యాక తిరిగి వెళ్ళిన రోజు, ఆటో వాకిట్లోకి వచ్చేసరికి చిన్నోడు కనిపించలేదు. మేడ మీద నీళ్ళ తొట్టి వెనక దాక్కున్నాడు. పిలిచారు, బతిమాలారు, చివరికి తిట్టారు. దిగి రాలేదు. రైలుకి ఆలస్యమవుతుందని బావ వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఫోన్లో నాన్న గొంతు వినిపిస్తే "ఊ" తప్ప వాడి నోట్లోంచి ఇంకో మాట రాలేదు. ఇంట్లో అందరూ దానికి పెట్టిన పేరు మొండితనం.

వాడికి ఇంకా చాలా పేర్లున్నాయి. పిరికోడు, మెత్తనోడు, ఆడపిల్ల గుండెకాయ. బర్రెదూడని అమ్మేసినప్పుడు రెండు రోజులు అన్నం తినలేదు. తరగతిలో పక్కపిల్లవాడికి దెబ్బలు పడితే వీడికి జ్వరం వచ్చింది. ఈ గుణమే ఒక ఆడపిల్లలో ఉంటే "ఎంత జాలి గుండో" అని మెచ్చుకుని, ఆ జాలిని జీవితమంతా వాడుకుంటారు. మగపిల్లవాడిలో ఉంటే అది వదిలించాల్సిన జబ్బు. ఆడపిల్లని ఎలా మలుస్తారో మనం చాలా రాసుకున్నాం. మగపిల్లవాడి చేత ఏడుపు మాన్పించడానికి ఒక ఇల్లు ఎంత కష్టపడుతుందో అంతగా రాసుకోలేదు.

నాకూ ఇలాంటి బాల్యమే ఉంది గనక ఈ మాట అంటున్నాను. 2003 ఫిబ్రవరి 1, శనివారం. మన వేళ ప్రకారం రాత్రి ఏడున్నర ప్రాంతంలో, పదహారు రోజుల ప్రయాణం ముగించుకుని దిగుతున్న కొలంబియా ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఆకాశంలో తెల్లటి గీత ఒకటి రెండుగా, మూడుగా విడిపోవడం టీవీలో మళ్ళీ మళ్ళీ చూపించారు. చాలా రోజులు రాత్రిళ్ళు ఆ గీతే కనిపించేది. ఇంట్లోవాళ్ళు "ఎవరో ఎక్కడో పోతే నీకేందే" అన్నారు. బళ్ళో ఒక మాస్టారు "అందుకే ఆడోళ్ళకి ఎందుకివన్నీ అనేది" అన్నారు. దిగడానికి పావుగంట ముందు ఆమె ఏమనుకుంటూ ఉండి ఉంటుందో నేను ఎవరినీ అడగలేకపోయాను. నన్ను బాధపెట్టింది టీవీలో చూసిన దృశ్యం మాత్రమే అయితే కొన్నాళ్ళకి మరిచిపోయేదాన్నేమో. దాని గురించి మాట్లాడడానికి మనిషి దొరకకపోవడం వల్ల అది ఇరవయ్యేళ్ళు నాతోనే ఉండిపోయింది.

అక్కకి "నేను మళ్ళీ ఒకసారి చూసి చెప్తానులే" అన్నాను. మే నెల మొదటి వారంలో ఊరికి వెళ్ళేసరికి ఇంట్లో ఈ సినిమా మీద చిన్న సభే జరుగుతోంది. చిన్నోడి చిన్నాయన అభిప్రాయం, "చూపియ్యండి, మగపిల్లోడు గట్టిపడాల." అమ్మ అభిప్రాయం, "వద్దే తల్లీ, జ్వరమొస్తాది." హైదరాబాదు నుంచి వచ్చిన పెదనాయన కొడుకు అభిప్రాయం, "కథ ముందే చెప్పేస్తే మజా ఉండదు, ఎవరూ చెప్పబాకండి." ప్రభుత్వానికీ ఒక అభిప్రాయం ఉంటుంది. ఒకప్పుడు సెన్సారు వాళ్ళు పన్నెండేళ్ళ లోపు పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాలని 'యు/ఎ' అని ఒక్క ముద్ర వేసేవారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక అది ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు మెట్లయింది. అమెరికాలో ఈ సినిమాకి ఇచ్చిన ముద్ర 'పీజీ 13'. ఈ ముద్రలన్నీ వయసుని లెక్కపెడతాయి. తొమ్మిదేళ్ళ పిల్లలందరూ ఒకటే అన్నట్టు, తెర మీద రక్తం ఎంత కనిపిస్తే అంత భయం అన్నట్టు.

అందరి మాటలూ వింటూ అక్క ఒక్కతే పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. తర్వాత వంటింట్లో నాతో అంది. "సినిమా చూపించమనేది ఒకరు, వద్దనేది ఒకరు. రాత్రి రెండింటికి వాడు ఉలిక్కిపడి లేస్తే లేచేది నేను గదా?"

నా చదువులో నేను నేర్చుకోనిది ఆ మాటలో ఉంది. సినిమా నిడివి నూట అరవై తొమ్మిది నిమిషాలని సమీక్షలన్నీ చెప్తాయి. ఆ తర్వాతి రాత్రి నిడివి ఎవరూ చెప్పరు. పిల్లలకి ఏది తగినది అని తీర్పు చెప్పేవాళ్ళలో చాలామంది ఆ రాత్రి మేలుకోనవసరం లేనివాళ్ళే.

మర్నాడు మధ్యాహ్నం తలుపులు వేసుకుని, ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకుని సినిమా మళ్ళీ చూశాను. ఈసారి తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా, నాన్న కువైట్లో ఉన్న పిల్లవాడిగా చూడడానికి ప్రయత్నించాను.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు మాటల్లో చెప్తాను. భూమ్మీద పంటలు తెగులు పట్టి ఒక్కొక్కటే అంతరిస్తుంటాయి. దుమ్ము తుఫానులు. కూపర్ ఒకప్పటి పైలట్, ఇప్పుడు రైతు. భార్య చనిపోయింది. మామగారు డొనాల్డ్, కొడుకు టామ్, పదేళ్ళ కూతురు మర్ఫ్ ఇంట్లో ఉంటారు. మనుషులు బతకడానికి వేరే గ్రహం వెతికే పని మీద కూపర్ అంతరిక్షంలోకి వెళ్తాడు. కృష్ణబిలం దగ్గరున్న ఒక గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్ళు గడిచిపోతాయి. అక్కడ చిక్కుపడి తిరిగి ఓడలోకి వచ్చేసరికి ఇరవై మూడేళ్ళు దాటిపోతాయి. ఇంటి నుంచి వచ్చిన సందేశాలన్నీ ఒకేసారి చూస్తూ, పిల్లలు తన కళ్ళముందే పెద్దవాళ్ళయిపోతుంటే కూపర్ వెక్కివెక్కి ఏడుస్తాడు. చివరికి అతను బతుకుతాడు. తిరిగొచ్చేసరికి కూతురు మరణశయ్య మీద ఉన్న ముసలావిడ.

నోటు పుస్తకంలో మొదట పెద్దవాళ్ళు భయపడే దృశ్యాలన్నీ రాసుకున్నాను. కొండంత అల వచ్చి ఒక మనిషిని మింగేయడం. డాక్టర్ మాన్ అనే శాస్త్రవేత్త నమ్మించి కూపర్ హెల్మెట్ పగలగొట్టడం, కూపర్ ఊపిరాడక కొట్టుకోవడం. ఆ మాన్ కూడా పేలుడులో పోవడం. కృష్ణబిలంలోకి పడిపోవడం. ఇవి భయపెడతాయి, అందులో సందేహం లేదు. హాల్లో ఆ శబ్దానికి కుర్చీలు అదురుతాయి. కానీ ఇంతకంటే ఘోరమైనవి మన పిల్లలు ఎప్పటినుంచో చూస్తున్నారు, వింటున్నారు. 1947 జూలైలో మొదలైన 'చందమామ'లో శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ బొమ్మల్లో చూసి నిద్రపోయిన తరాలు మనవి. అది సున్నితమైన పిల్లలకి తగినదా అని ఎవరూ అడగలేదు.

రెండో పేజీలో వేరే జాబితా తయారైంది. నాన్న వెళ్ళే రోజు మర్ఫ్ అలిగి మాట్లాడదు. అతను బండెక్కి వెళ్ళిపోతాడు. దారిలో, ఇంతకుముందొకసారి దాక్కుని వచ్చినట్టు ఇప్పుడూ వచ్చిందేమోనని పక్కనున్న దుప్పటి ఎత్తి చూస్తాడు. అక్కడెవరూ ఉండరు. ఇంటి దగ్గర ఆ పిల్ల పరిగెత్తుకుంటూ బయటికొస్తుంది. అప్పటికే ఆలస్యమైపోతుంది. రక్తం లేదు, పేలుడు లేదు. ఏ సెన్సారు బోర్డూ ఈ దృశ్యానికి ముద్ర వెయ్యదు. కానీ నీళ్ళ తొట్టి వెనక దాక్కున్న పిల్లవాడు చూడకూడని దృశ్యమంటూ ఈ సినిమాలో ఉంటే అది ఇదే. చూడాల్సిన దృశ్యం ఏదైనా ఉన్నా అది కూడా ఇదేనేమోనని వెంటనే అనిపించింది. నేను నిర్ణయించలేకపోయాను. "అక్కా, ముందు నువ్వు చూడు" అన్నాను.

అందరూ పడుకున్నాక రెండు రాత్రులు నా లాప్‌టాప్‌లో అక్క ఆ సినిమా చూసింది. పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్తూ వచ్చాను. నిద్రపట్టక అమ్మ కూడా కాసేపు చూసింది. ఇక బెండ పండదంట, ఈ ఏడుతో ఆఖరంట అన్న మాట దగ్గర అమ్మ ఆగిపోయింది. "బెండ కూడానా? అయితే ఇంకేం తింటారే?" అంది. అంతరిక్షం వచ్చేసరికి లేచి వెళ్ళి పడుకుంది. వర్షం మొహం చాటేసిన ఏళ్ళు చూసిన మనిషికి ఆ సినిమాలో అన్నిటికంటే నిజమైన భయం మొదటి పావుగంటలోనే అయిపోయింది.

అక్క విమర్శ నేను ఇంతవరకూ ఈ సినిమా మీద ఎక్కడా చదవనిది.

"ఆ పిల్లకి అమ్మ లేకుండా ముందే చంపేశారు, చూశావా?"

"అవును, భార్య ఉంటే అతను వెళ్ళలేడు గదా" అన్నాను.

"ఎందుకు పోలేడు? మీ బావ పోలా? అమ్మ ఉన్నా పోతాడు. కానీ అమ్మ ఉంటే సినిమా వాడితోబాటు అంతదూరం పోదు. ఆమె దగ్గర కూడా కాస్త ఉండాల్సొస్తాది."

నిజమే. కూపర్ బయల్దేరాక కెమెరా అతనితోనే వెళ్ళిపోతుంది. భూమ్మీద గడిచిన ఇరవై మూడేళ్ళూ మనకి తెలిసేది అతను చూసే సందేశాల ముక్కల్లో మాత్రమే. ఆ పిల్లలకి జ్వరమొస్తే ఎవరు చూశారు, ఎవరు వండారు, దుమ్ము ఎవరు ఊడ్చారు? ఆ పని చేసినవాడు తాత డొనాల్డ్. అతని చావు ఒక సందేశంలో ఒక మాటగా తేలిపోతుంది. వెళ్ళినవాడికి గంట, ఉన్నవాళ్ళకి ఏడేళ్ళు అన్న భౌతిక సూత్రాన్ని ఈ సినిమా ఎంతో శ్రద్ధగా చూపించింది. కృష్ణబిలం ఎలా కనిపిస్తుందో చెప్పడానికి కిప్ థోర్న్ అంతటి శాస్త్రజ్ఞుడు పనిచేశాడు. ఆయనకి 2017లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది, గురుత్వ తరంగాల మీద చేసిన కృషికి. కానీ ఉన్నవాళ్ళ ఏడేళ్ళూ ఎలా ఉంటాయో చూపించడానికి ఆ శ్రద్ధ మిగల్లేదు. చివర్లో ముసలి మర్ఫ్ తండ్రిని పంపించేస్తుంది, అతను మళ్ళీ ఓడెక్కుతాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూనే అంది, "మళ్ళా పోయినాడా?"

అయితే ఈ సినిమాని ఇలా ఒక్క మాటతో కొట్టేయడం న్యాయం కాదు. ఇందులో నాకు ముఖ్యమనిపించిన ఘట్టం ఇంకొకటి ఉంది. మిగిలిన ఇంధనంతో రెండు గ్రహాల్లో ఏదో ఒకదానికే వెళ్ళగలరు. అమీలియా బ్రాండ్ అనే శాస్త్రవేత్త తను ప్రేమించిన మనిషి వెళ్ళిన గ్రహానికే పోదామంటుంది. ప్రేమ కూడా ఒక ఆధారమే అంటుంది. మగవాళ్ళిద్దరూ అది భావావేశమని తోసేసి రెండోదాని వైపు వెళ్తారు. అక్కడ ఎదురయ్యేది మాన్ మోసం. మనుషులు బతకగలిగిన గ్రహం ఆమె చెప్పినదేనని చివరికి తెలుస్తుంది. ఏ సున్నితత్వాన్ని బలహీనత అన్నారో అదే సరైన దారి చూపించింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కథ తొలి రాతలో మర్ఫ్ అబ్బాయి. నోలన్ చేతికి వచ్చాక అమ్మాయిగా మారింది. అంతరిక్ష కథలో లెక్క తేల్చేది ఒక ఆడపిల్ల కావడం నాకు సంతోషమే. మన తెరకి ఇది ఇంకా కొత్త. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' పిల్లల్ని కాలయంత్రం దాకా తీసుకెళ్ళింది. 2018లో సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం' తెలుగు హీరోని రోదసిలోకి పంపింది. కానీ లెక్కలు చేసి లోకాన్ని కాపాడే తెలుగు మర్ఫ్ ఇంకా రాలేదు. అయినా ఒక అనుమానం మిగిలింది. మర్ఫ్ అబ్బాయిగానే ఉండి ఉంటే, నాన్న వెళ్తుంటే అంతగా అలగనిచ్చేవారా, అంతగా ఏడవనిచ్చేవారా?

"చూపిద్దామా?" అని అక్కని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. "ముందు కథ చెప్పు వాడికి. మొత్తం చెప్పు. అప్పుడు వాణ్ణే అడుగుదాం" అంది.

కథ ముందే చెప్తే మజా పోతుందన్న పెదనాయన కొడుకు ఒప్పుకోలేదు. ఈ మజా మాట గురించి కొంచెం ఆలోచించాలి. ముగింపు తెలియకుండా చూడడమే చూడడం అన్నది టిక్కెట్లమ్మే వ్యాపారం మనకి నేర్పిన అలవాటు. తోలుబొమ్మలాటకి, హరికథకి వెళ్ళిన మన పెద్దవాళ్ళకి కథ తెలియకపోవడం అంటూ ఉండేది కాదు. అభిమన్యుడు చనిపోతాడని తెలిసే కూర్చునేవాళ్ళు, తెలిసే ఏడ్చేవాళ్ళు. లక్కఇంటి కథ చెప్పేటప్పుడు మా అమ్మమ్మ నిప్పు అంటించే ముందే "తప్పించుకుంటార్లే" అని ఒక మాట అనేసి, అప్పుడు అంటించేది. ఆ మాట పట్టుకుని మేం మంటల మధ్యకి వెళ్ళొచ్చేవాళ్ళం. ఏం జరుగుతుందోనన్న భయం పోతే, ఎందుకు జరిగిందన్న ఆలోచనకి పిల్లల మనసులో చోటు దొరుకుతుంది.

అలా మే నెల మధ్యలో మూడు రాత్రులు మేడ మీద చాపేసుకుని చిన్నోడికి కథ చెప్పాను. 2022లో జిల్లాలు విడదీసేదాకా శ్రీహరికోట మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. రాత్రి ప్రయోగాలప్పుడు ఆకాశం తేటగా ఉంటే దక్షిణం వైపు ఒక నిప్పురవ్వ పైకి పాకుతూ మా మేడ మీదికి కనిపిస్తుంది. అందుకే అంతరిక్షం వాడికి పరాయి ఊరేమీ కాదు. మొదటి రాత్రి పంటలు, దుమ్ము, నాన్న ప్రయాణం చెప్పాను. మర్ఫ్ మాట్లాడలేదని చెప్పినప్పుడు చీకట్లో వాడి మొహం కనిపించలేదు. కొంచెం సేపయ్యాక, "తర్వాత మాట్లాడిందా?" అని అడిగాడు. "మాట్లాడింది. చాలా ఏళ్ళయ్యాక. ముందు చాలా కోపంగా మాట్లాడింది" అన్నాను. "కోపంగా కూడా మాట్లాడొచ్చా?" అన్నాడు. అక్క పక్కనే ఉంది. "మాట్లాడొచ్చు నాయనా" అంది.

రెండో రాత్రి గడిచి తెల్లవారితే మే 18, ఆదివారం. పొద్దున ఐదు గంటల యాభై తొమ్మిది నిమిషాలకి పీఎస్‌ఎల్‌వీ సీ61 ప్రయోగం. శ్రీహరికోట నుంచి నూటొకటో ప్రయోగం అది. టీవీ ముందు కూర్చున్నాం. మూడో దశలో లోపం వచ్చి ఉపగ్రహం కక్ష్యలోకి చేరలేదని ఇస్రో ప్రకటించింది. ఏ ముద్రా లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా ఇంట్లోకి వచ్చేసిన అపజయం. చిన్నోడు మొదట "లోపల మనుషులుండారా?" అని అడిగాడు. లేరన్నాక, "చేసినోళ్ళు ఏడుస్తుంటారా?" అన్నాడు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్ 2 ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయినప్పుడు ఇస్రో ఛైర్మన్ కె. శివన్ అందరి ముందూ కన్నీళ్ళు పెట్టుకున్న సంగతి చెప్పాను. ఆ వీడియో కూడా చూపించాను. తర్వాత 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 చంద్రుడి మీద దిగింది గదా అని గుర్తు చేశాను. వాడు రెండో సంగతి పట్టించుకోలేదు. "అంత పెద్దాయన ఏడిస్తే ఎవరూ తిట్టలేదా?" అని మాత్రం అడిగాడు.

మూడో రాత్రి కథ పూర్తయింది. నాన్న తిరిగొచ్చాడు, ముసలిదైపోయిన కూతుర్ని చూశాడు, ఆమె చేతిని పట్టుకున్నాడు అని చెప్పాను. చిన్నోడు లేచి కూర్చున్నాడు.

"మరి అన్న?"

"ఏ అన్న?"

"ఆ పిల్లకి అన్న ఉండాడన్నావు గదా చిన్నమ్మా, టామ్. వాళ్ళ నాన్న వచ్చి వాడి గురించి అడగలేదా?"

నేను రెండుసార్లు చూశాను. ఒకసారి నోటు పుస్తకం పట్టుకుని కూడా చూశాను. తిరిగొచ్చిన కూపర్ కొడుకు గురించి ఒక్క మాట కూడా అడగడన్నది నేను గమనించనే లేదు. టామ్ నాన్న వెళ్తుంటే అలగలేదు, ఏడవలేదు. మంచి మగపిల్లవాడిలా పొలం చూసుకున్నాడు. ఏళ్ళ తరబడి సందేశాలు పంపించాడు, జవాబు రాకపోయినా పంపించాడు. ఒక బిడ్డని పోగొట్టుకున్నాడు. నాన్న ఇక రాడని మనసుకి చెప్పుకుని ఆపేశాడు. రాయిలా గట్టిపడి, దుమ్ముకి దగ్గుతున్న భార్యాబిడ్డల్ని కూడా వైద్యానికి పంపించనివాడుగా తయారయ్యాడు. చిన్నాయన చెప్పిన "గట్టిపడాల" అన్న మాటకి ఈ సినిమాలో ఒక బొమ్మ ఉంటే అది టామ్. అలిగిన మర్ఫ్ కోసం సినిమా కాలాన్నే వంచింది. అలగని టామ్‌ని మరిచిపోయింది. ఈ లోపాన్ని పట్టుకోవడానికి డాక్టరేటు అక్కరలేకపోయింది. నాన్న తన గురించి అడుగుతాడా అని ఎదురుచూసే పిల్లవాడు చాలు.

"నువ్వు చెప్పేదాకా నాకు తెలవదురా" అన్నాను. వాడు చాలా గర్వపడ్డాడు.

తర్వాత సినిమా చూశాం. పగలు, తలుపులు తీసి పెట్టి, లాప్‌టాప్‌లో, శబ్దం తగ్గించి, మూడు రోజుల్లో. ఆపమన్నప్పుడల్లా ఆపేశాం. డాక్టర్ మాన్ భాగం వాడే వద్దన్నాడు, నోటితో చెప్పి దాటించేశాను. దుప్పటి ఎత్తి చూసే చోట అక్క నా వైపు చూసింది. చిన్నోడు కదలకుండా చూశాడు. "దాక్కున్నా దొరికేది గాదు, వాడు ఎట్టాగైనా పోయేవాడే" అన్నాడు, ఎవరితోనో చెప్తున్నట్టు. సందేశాలు చూస్తూ కూపర్ ఏడ్చే చోట వాడూ ఏడ్చాడు. అక్క కూడా. చిన్నాయన ఏదో అనబోయి, ఎందుకో అనకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి వాడు ఒకసారి లేచాడు. అక్కతోబాటు నేనూ లేచాను. నీళ్ళు తాగి మళ్ళీ పడుకున్నాడు.

ఈ సినిమా వాడిని బాగుచేసిందని నేను చెప్పబోవడం లేదు. సినిమాలు మందులు కావు. ఇంకో పిల్లవాడైతే ఇంకోలా జరిగేది. మా అక్క అడిగిన ప్రశ్నకి నా జవాబు మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను, ఇలాంటి ప్రశ్నతో మేలుకుని ఉన్న తల్లులకి పనికొస్తుందేమోనని. తొమ్మిదేళ్ళ సున్నితమైన పిల్లవాణ్ణి కథ తెలియకుండా, చీకటి హాల్లో, ఆ శబ్దంలో, గట్టిపడాలని చెప్పి కూర్చోబెడితే ఈ సినిమా తగినది కాదు. కథ ముందే తెలిసి, ఆపమనే హక్కు చేతిలో ఉండి, పక్కన ఏడవనిచ్చే మనిషి ఉంటే చూడొచ్చు. ఆ రెండింట్లో ఏది కుదురుతుందో చెప్పాల్సింది రాత్రి లేచే మనిషి. ఆ పని కూడా తల్లి ఒక్కదాని మీదే పడకూడదు గనక, తీర్పు చెప్పిన మిగతావాళ్ళం కూడా ఒకట్రెండు రాత్రులు పంచుకోవాలి.

జూన్ మొదట్లో నేను హైదరాబాదు తిరిగొచ్చేశాను. ఒక రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రం బావ ఫోన్ చేస్తే చిన్నోడు "ఊ" అనకుండా, "నాయనా, అక్కడ ఇప్పుడు టైమెంత?" అని అడిగాడట. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ ఎనిమిదిన్నర అయితే అక్కడ ఆరు. ఆ లెక్క విని చిన్నోడు చాలాసేపు ఊరుకున్నాడట. తర్వాత, "అంతేనా?" అన్నాడట. ఆ తర్వాత జనవరిలో వెళ్ళిపోయినందుకు నాన్న మీద గట్టిగా అరిచాడట. బావ అవతల ఏమీ మాట్లాడకుండా విన్నాడట. ఫోన్ పెట్టేముందు బావ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించిందని అక్క చెప్పింది.